కరణమూ కర్తా

పరికరం మెరుగైతే నేర్పు పెరిగినట్లేనా అన్న ప్రశ్నకు ఆధారం భగవద్గీత పదునెనిమిదో అధ్యాయంలో ఉంది. అక్కడ చెప్పిన అయిదు కార్యహేతువుల్లో కర్త, అంటే చేసేవాడు, కరణం, అంటే సాధనం, వేర్వేరు. శంకరులు కరణాన్ని ఇంద్రియాలుగా వ్యాఖ్యానించారు. చేతికలవాటైన పనిముట్టు ఇంద్రియానికి కొనసాగింపే గనుక ఆ అర్థం ఇక్కడా చెల్లుతుంది.

ఉదాహరణకు, ధవళేశ్వరంలో 1852 నాటి కాటన్ ఆనకట్ట స్థానంలో 175 గేట్ల బ్యారేజీ వచ్చాక గోదావరి నీటిమట్టంపై అదుపు పెరిగింది, కాని వరదవేళ ఏ గేటు ఎంత ఎత్తాలో తేల్చే వివేకం ఇనుములో లేదు. పూల్ ఆటలోనూ అంతే: తెల్లబంతిని మధ్యకు పక్కగా కొట్టినప్పుడు అది గురిగీత నుంచి తొలగడాన్ని కొన బరువు తగ్గించిన నేటి క్యూ (ఆటకర్ర) షాఫ్ట్ తగ్గిస్తుంది, దానివల్ల గురి దిద్దుకొనే శ్రమ తగ్గి, తర్వాతి దెబ్బకు బంతిని ఎక్కడ నిలపాలన్న ఆలోచనకు ఆటగాడి మనసు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీని నింపవలసినవాడు కర్తే.