శివారు చేను

అనగనగా ఎడారిలో ఒక ఊరు. చుట్టూ ఇసుక, నడుమ ఊట, ఊట పుణ్యమా అని ఖర్జూరపు తోటలు. ఊట నీళ్లు ఒక చిన్న చెరువులో చేరేవి. చెరువు నుంచి రెండు కాలువలు: ఒకటి షేకు తోటలకి, రెండోది ఊరి చేలకి. ఊరి కాలువకి ఒకటే తూము, తూముకి ఒకటే చెక్క పలక. ఆ పలక ఎంత దిగితే షేకు కాలువలో నీళ్లు అంత పెరుగుతాయి.

ఒక ఏడు ఊట సన్నబడింది. షేకు పలకని పూర్తిగా దించేయించాడు. నెల తిరిగేసరికి ఊరి చెట్లు మట్టలు వాల్చేశాయి. ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఊరంతా తూము దగ్గరికి వచ్చింది. గట్టు తగాదాలతో ఏళ్ల తరబడి మాటల్లేని దాయాదులు కూడా భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఆడవాళ్లు ఖాళీ కడవలు తెచ్చి వాయించారు. షేకు బయటికొచ్చి గుంపుని చూశాడు, ఇంకోసారి చూశాడు, నవ్వాడు. "నా పిల్లలు దాహంతో ఉంటే నేనెట్లా ఊరుకుంటాను" అని పలక జానెడు ఎత్తించాడు.

ఆ రాత్రి మేకలు కోశారు, డప్పులు కొట్టారు. ఊరి కవి అప్పటికప్పుడు పద్యం కట్టాడు. మర్నాటి నుంచి ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట, "ఆరోజు నేను ముందు వరసలో ఉన్నా". ముందు వరస ఎంత పొడుగో దేవుడికే తెలియాలి.

కాలువకి చిట్టచివర ఒక ముసలమ్మ చేను ఉంది. పదకొండు చెట్లు. అందరివీ తడిశాక పొద్దువాలే వేళకి ఆమెకి నీళ్లొస్తాయి. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో తెలియడానికి ఆమె కాలువలో ఒక ఖర్జూరపు మట్ట పాతి దానికి కత్తితో గాటు పెట్టింది. పండగ మర్నాడు నీళ్లు గాటు దాకా వచ్చాయి. నాలుగో నాటికి వేలెడు తగ్గాయి. ఎండకి ఇగిరిపోయాయేమో అనుకుంది. పదో నాటికి రెండు వేళ్లు.

తూము దగ్గరికి నడిచి వెళ్లింది. కాపలావాడు "పలక ఎక్కడిదక్కడే ఉంది అవ్వా" అన్నాడు. ఆమె వంగి పలక కింద జాన పెట్టి చూసింది. బొటనవేలు పట్టింది, చిటికెన వేలు పట్టలేదు.

ఊళ్లోకి వచ్చి చెప్పింది. తూముకి దగ్గర చేలున్నవాళ్లు తమ మళ్లు చూసుకుని, "మాకు బాగానే వస్తున్నాయే" అన్నారు. వాళ్ల మాట అబద్ధం కాదు, వాళ్లకి నిజంగానే వస్తున్నాయి. కొందరు "షేకు అందరి ముందూ మాటిచ్చాడు, అనుమానిస్తే బాగుండదు" అన్నారు. కవి అయితే కాస్త కోపగించుకున్నాడు. పద్యం అప్పటికే పక్క ఊళ్లకి పాకింది మరి.

ముసలమ్మ ఇక ఎవరితో వాదించలేదు. రోజూ తెల్లవారుజాము నమాజు కాగానే తూముకి వెళ్లి జాన పెట్టి, కాపలావాడికి వినపడేట్టు "నాయనా, ఇవాళ మూడు వేళ్లు తక్కువ" అని చెప్పి వచ్చేది. వాడు మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. కొన్నాళ్లకి ఆమె వచ్చే వేళకి పలకని వేలెడు ఎత్తి ఉంచడం మొదలుపెట్టాడు. ఆమెకి జ్వరమొచ్చి రాని రోజున మళ్లీ దించేవాడు. జ్వరం సంగతి తెలిసి, చివరి నుంచి రెండో చేనావిడ ముసలమ్మ బదులు వెళ్లింది. మూడో చేను కుర్రాడు నాలుగక్షరాలు వచ్చినవాడు; ఏ రోజు ఎన్ని వేళ్లో తన ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాడు.

షేకుకి కబురు వెళ్లింది. తూముకి రాతి వేటు దూరంలోకి ఎవరూ రాకూడదని హుకుం పడింది. వాళ్లు కాలువ దారిని దాటే చోట కొలవడం మొదలుపెట్టారు. కుర్రాడి గోడకి సున్నం కొట్టించారు. వాడు పెరటి గోడ మీద రాశాడు. కొన్నేళ్లు ముగ్గురు, కొన్నేళ్లు తొమ్మిది మంది, ఒక కరువు ఏడు ముసలమ్మ ఒక్కతే. మాట్లాడుకోవడానికి కొత్త సంగతంటూ ఏమీ లేని పని అది. ఒక అంకె, అంతే.

చాలా ఏళ్లకి షేకు కొడుకు గద్దెకెక్కాడు. దూరదేశపు వర్తకులకి పచ్చటి ఊరు చూపించాలని అతని కోరిక. "తూము ఇకమీదట ఎప్పటికీ జానెడు. రాయి మీద చెక్కిస్తున్నాను" అని దండోరా వేయించాడు. దానికి కొన్ని రోజుల ముందు భటులొచ్చి ముసలమ్మనీ, ఇప్పుడు నెరిసిన గడ్డమున్న ఆ కుర్రాడినీ తీసుకుపోయారు. ఊళ్లో మళ్లీ మేకలు, మళ్లీ డప్పులు. కవి కొడుకు పద్యం కట్టాడు. అందులో షేకు కొడుకు పేరు తప్ప ఇంకో పేరు లేదు. ఆ సాయంత్రం శివారు చేలో నీళ్లు గాటు దాకా వచ్చాయి.

నీతి: జనం గుంపుగా వస్తే పలక లేస్తుంది. లేచిన పలక లేచి ఉండేది మర్నాడు పొద్దున్నే వెళ్లి కొలిచేవాళ్ల వల్ల. ఆ కొలిచేవాళ్లు చాలాసార్లు శివారు వాళ్లే, తేడా మొదట తెలిసేది వాళ్లకే గనక. దీనికి ఇంకో సగం కూడా ఉంది, దాన్ని మనం పిల్లలకి చెప్పం: కొలిచినవాళ్లకి బహుమతి ఉంటుందని నమ్మకం లేదు.

కథ నేను అల్లిందే. ఎడారినీ షేకునీ మాత్రం ఊరికే తేలేదు.

1990 నవంబర్ 6న రియాద్‌లో 47 మంది ఆడవాళ్లు ఒక సూపర్ మార్కెట్ పార్కింగ్ స్థలంలో కలుసుకుని, డ్రైవర్లని దిగిపొమ్మని, 14 కార్లలో తామే స్టీరింగ్ పట్టుకుని వీధుల్లోకి వెళ్లారు. అంతకు మూడు నెలల ముందే సద్దాం కువైట్‌ని ఆక్రమించాడు. అమెరికా సైన్యంలోని ఆడవాళ్లు సౌదీ రోడ్ల మీద బండ్లు నడుపుతున్నారు, కువైట్ నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తమ కార్లు తామే నడుపుకుంటూ సరిహద్దు దాటారు. మరి మేమెందుకు నడపకూడదన్నదే వీళ్ల ప్రశ్న. పోలీసులు పట్టుకున్నారు, ఇంటి మగవాళ్లు వచ్చి హామీ పత్రం రాసిచ్చాకే వదిలారు. ఉద్యోగాలు ఆగిపోయాయి, పాస్‌పోర్టులు పోయాయి. వాళ్ల పేర్లతో, బూతులతో కరపత్రాలు పంచారు. మదీహా అల్ అజ్రూష్ అనే ఫొటోగ్రాఫర్ నెగెటివ్‌లు తగలబెట్టారు. అప్పటిదాకా ఆచారంగా నడుస్తున్న నిషేధం సర్కారు ఉత్తర్వుగా మారింది. కథలో పలక లేచింది గానీ ఇక్కడ ఇంకా కిందికి దిగింది.

మన పాఠకుల్లో కొందరికి ఆ కార్లు బాగా తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి హౌస్ డ్రైవర్ వీసా మీద వెళ్లి, వెనక సీట్లో మేడమ్‌నీ పిల్లల్నీ కూర్చోబెట్టుకుని బడికి, బజారుకి, ఆస్పత్రికి ఏళ్లకేళ్లు తిప్పినవాళ్లు మనలో ఉన్నారు. అప్పట్లో వాళ్ల ఉద్యోగానికి ఒక పెద్ద ఆధారం ఆ నిషేధమే. ఇంకొకరి హక్కు మూసి ఉండటం మీద మన జీతం నిలబడటం చిత్రమైన సంగతి. తప్పు డ్రైవర్‌ది కాదులెండి, వీసా ఏది దొరికితే అదే.

ఆ 47 మంది చెదిరిపోయారనే అందరూ అనుకున్నారు. వాళ్లు మాత్రం ఆ తేదీన ఏటా కలుసుకుంటూ వచ్చారు. 2007లో వజీహా అల్ హువైదర్, ఫౌజియా అల్ ఉయూనీ వెయ్యికి పైగా సంతకాలతో అబ్దుల్లా రాజుకి అర్జీ పంపారు. 2008 మార్చి 8న వజీహా తాను కారు నడుపుతూ మాట్లాడిన వీడియో బయటికొచ్చింది. 2011 మే నెలలో అల్ ఖోబర్‌లో మనాల్ అల్ షరీఫ్ కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఫోన్‌తో చిత్రీకరించింది కూడా ఈ వజీహాయే. మనాల్‌ని జైల్లో పెట్టారు. జూన్ 17న కొన్ని పదుల మంది ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి కారు వాళ్లు తీశారు. 2013 అక్టోబర్ 26న మళ్లీ తీశారు. అదే ఏడు 1990 నాటి వాళ్లలో ఇద్దరు, ఆయిషా అల్ మానా, హిస్సా అల్ షేక్, ఆనాటి కథంతా పుస్తకంగా వేశారు. 2014 డిసెంబర్‌లో లుజైన్ అల్ హత్లూల్ ఎమిరేట్స్ లైసెన్స్‌తో సరిహద్దు దాటబోయి 73 రోజులు జైల్లో ఉంది. 2016లో మగ సంరక్షకుడి అనుమతి రద్దు చేయాలన్న అర్జీకి 14 వేలకి పైగా సంతకాలు వచ్చాయి; దాన్ని రాజు కార్యాలయానికి మోసుకెళ్లినామె అజీజా అల్ యూసఫ్, రిటైరైన ప్రొఫెసర్.

చూడండి, ఇందులో జనసముద్రం ఎక్కడా లేదు. సంతకాలు, వీడియోలు, ఏటేటా ఒకే తేదీన ఒక గదిలో నలుగురు. ఈ పని గురించి పత్రికలు పెద్దగా రాయవు, అరెస్టయితే తప్ప.

2017 సెప్టెంబర్ 26న రాజాజ్ఞ వచ్చింది, 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడపొచ్చని. ఆ తేదీకి నెలకి పైగా ముందు, మే 15 నుంచి అరెస్టులు మొదలయ్యాయి. లుజైన్, అజీజా, ఈమాన్ అల్ నఫ్జాన్, ఇంకా కొందరు. 1990లో కారు నడిపిన ఆయిషా అల్ మానా, మదీహా అల్ అజ్రూష్ కూడా వాళ్లలో ఉన్నారు. ఈ ఇద్దరినీ కొన్ని రోజులకి వదిలారు. లుజైన్ 1001 రోజుల తర్వాత, 2021 ఫిబ్రవరి 10న బయటికొచ్చింది. ఆజ్ఞ ఇచ్చేది మేము, అడిగి తెచ్చుకున్నామని ఎవరూ అనకూడదు అన్నదే ఆ అరెస్టుల అర్థమని నేను అనుకుంటున్నాను. 2019 ఆగస్టులో 21 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి మగవాళ్ల అనుమతి లేకుండా పాస్‌పోర్టు వచ్చింది. దాని కోసం సంతకాలు మోసినామె అప్పటికి బెయిలు మీద ఉంది.

మన దగ్గర కథ తిరగబడి నడుస్తుంది. మనకి గుంపు తేలిగ్గా వస్తుంది. ఆరంభశూరులమని మనల్ని మనమే తిట్టుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1992 నాటికి సారా కొట్టు మూయించి, జిల్లా అంతటా వేలంపాటలు ఆపించి, రాష్ట్రాన్నే కదిలించారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఖజానా లెక్కలు చెప్పారు, దొంగసారా లెక్కలు చెప్పారు. అడ్డుపడినవాళ్లు లేకపోలేదు, కానీ వేలంపాట దగ్గరికి వచ్చినంత మంది సడలింపు రోజున రాలేదు.

పలక ధడాలున దిగదు, కాగితం మీద దిగుతుంది. 2020 సెప్టెంబర్‌లో, కరోనాతో జనం ఇళ్లల్లో ఉన్నప్పుడు, గల్ఫ్‌కి వెళ్లే కూలీల కనీస వేతనాల్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ కేంద్రం సర్క్యులర్లు ఇచ్చింది. సౌదీకి నెలకి 324 డాలర్లన్నారు. ఊరేగింపు లేదు, టీవీల్లో గోల లేదు. దాన్ని పట్టుకున్నవాళ్లు తెలంగాణలో గల్ఫ్ కార్మికుల కోసం ఏళ్లుగా అర్జీలు రాస్తున్న కొద్దిమంది. హైకోర్టుకి వెళ్లారు, ఎంపీలకి రాశారు, ఊళ్లల్లో చెప్పారు. 2021 జూలైలో కేంద్రం ఆ తగ్గింపుని వెనక్కి తీసుకుంది.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. సౌదీలో ఉన్న మనవాళ్లని రోడ్డెక్కమని ఎవరూ అనకూడదు. అక్కడ యూనియన్ లేదు, ఊరేగింపు నేరం. పట్టుబడితే ఇఖామా, అంటే నివాస అనుమతి, పోతుంది, వెనక్కి పంపేస్తారు. ఇక్కడ కూర్చుని వాళ్లకి ధైర్యం నూరిపోయడం సులువే. కొలిచే పని ఇక్కడున్నవాళ్లది: ఇంటివాళ్లది, తిరిగొచ్చినవాళ్లది, గ్రామసభకి వెళ్లేవాళ్లది.

గల్ఫ్‌లో చనిపోయిన కూలీ కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఉత్తర్వులిచ్చింది. 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకి అది వర్తిస్తుంది, సౌదీ కూడా అందులో ఉంది. ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తే వచ్చిన జీవో అది. మీ మండలంలో ఎవరింటికైనా విమానంలో శవపేటిక వచ్చిందేమో కనుక్కోండి. వాళ్ల దరఖాస్తు కలెక్టరేట్‌కి చేరిందో లేదో, చేరితే ఎక్కడ ఆగిందో అడగండి. సమాధానం రాకపోతే వచ్చే సోమవారం ప్రజావాణికి మళ్లీ వెళ్లండి.