గాజు వెనుక అడవి

అడవి బతకాలంటే అందులో మనుషులు ఉండకూడదా? ఈ ప్రశ్నకు గాజు వెనుక నిలిపిన ఒక అడవి ఏనాడో జవాబు చెప్పింది. ఆ జవాబు సరైనదేనా అని మనం అడగాలి.

పూర్వం మ్యూజియంలో జంతువు తోలులో గడ్డి కుక్కి బల్ల మీద పెట్టేవారు. 1890లో అమెరికాలోని మిల్వాకీలో కార్ల్ ఏక్లీ అనే ఆయన మస్క్‌రాట్ అనే చిన్న నీటి జంతువులను వాటి గూడు, నీరు, గడ్డితో సహా చూపించారు. తర్వాత మట్టితో కండరాలు మలిచి, అచ్చు తీసి, దానికి తోలు తొడిగే పద్ధతిని బాగు చేశారు. ఆకులు మైనంతో చేశారు. వెనుక గోడ మీద కొండలు, ఆకాశం గీయించారు. ఇలాంటి దృశ్యాన్నే డయోరమా అంటారు.

1921లో ఆయన న్యూయార్క్ మ్యూజియం కోసం కాంగో కొండల్లో గొరిల్లాలను కాల్చారు. ఆ చావులు ఆయన మనసును కలచివేశాయి. మిగిలినవాటిని కాపాడమని బెల్జియం రాజును కోరారు. 1925లో అక్కడ జాతీయ పార్కు ఏర్పడింది. మరుసటి ఏడు ఏక్లీ ఆ కొండల్లోనే చనిపోయారు. 1936లో న్యూయార్క్‌లో ఆయన పేరుతో హాలు తెరిచారు. ఆ గొరిల్లాలు ఇప్పటికీ అందులో ఉన్నాయి.

చంపినందుకు ఆయన్ని మేము తప్పుపట్టం. మేమూ వేటాడిన జాతులమే. అడవి చూడని పట్నం జనానికి అడవి మీద ప్రేమ కలిగించినందుకు ఆయన్ని మెచ్చుకుంటాం కూడా. మా అభ్యంతరం వేరు. ఆ గొరిల్లాల అడవిలో కాలిబాట లేదు, పొయ్యి లేదు, తేనె తీసే మనిషి లేడు. ఆ కొండల్లో తరతరాలుగా బతికిన బత్వా ప్రజలు ఆ బొమ్మలో లేరు.

బొమ్మలో లేనివాళ్లను నేల మీద నుంచి తీసేయడం తేలిక. పక్కనున్న ఉగాండాలో 1991లో బ్విండి, మ్గహింగ అడవులు జాతీయ పార్కులైనప్పుడు బత్వాలను వెళ్లగొట్టారు. మన దగ్గర కోర్ ఏరియా పేరుతో గూడేలను ఖాళీ చేయమంటున్న మాట వెనుకా అదే బొమ్మ ఉంది. గ్రామసభ ఒప్పుకోకుండా కదపకూడదని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతున్నా, ఆ బొమ్మ చట్టం కన్నా బలంగా పనిచేస్తోంది.

మా బడిపిల్లలను అడవి గీయమంటే ఇప్పచెట్టు గీసి, దాని కింద పూలు ఏరుతున్న అమ్మను గీస్తారు. దూరంగా పులినీ గీస్తారు. ఆ పులిని కాపాడాలి. ఆ అమ్మను చెరిపేసి కాపాడితే మాత్రం అది న్యాయం కాదు. జంతువు విలువను చంపాక తెలుసుకున్నారు. మనిషి విలువనైనా వెళ్లగొట్టక ముందే తెలుసుకోవాలి.