కట్లు విప్పిన ఓడ

ధ్యానభాగము: 2 తిమోతి 4:6-8, ఎఫెసీ 4:26-32



అపొస్తలుడైన పౌలు తన మరణమును గూర్చి తిమోతికి వ్రాయుచు "అనాలుసిస్" అను గ్రీకు మాటను వాడెను. మన తెలుగు బైబిలులో దానిని 'వెడలిపోవుట' అని అనువదించిరి. అది సరియైన అనువాదమే. అయితే ఆ మాటకు 'విప్పుట' అను మూలార్థము కలదు. రేవున కట్టియున్న ఓడ త్రాళ్లను విప్పి బయలుదేరుటకును, గుడారపు త్రాళ్లను విప్పి ప్రయాణము సాగించుటకును దాని క్రియారూపము చెల్లును. మూడుమారులు ఓడ పగిలి శ్రమపడిన పౌలు (2 కొరింథీ 11:25) తన మరణమునకు ఈ మాటనే ఎన్నుకొనెను. విశ్వాసికి మరణము మునిగిపోవుట కాదు. కట్లు విప్పుకొని తన ప్రభువునొద్దకు బయలుదేరుటయే.

ఈ మాటను ధ్యానించుచు, 2024 డిసెంబరు 29న తన నూరవ యేట నిద్రించిన ఒక నావికుని జ్ఞాపకము చేసికొందము. ఆయన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. ఆయన పరిపాలనను చరిత్రకారులు తూచుదురు. అది మన పని కాదు. హెబ్రీ 13:7 మనకప్పగించిన పని వేరు. ముందు నడచినవారి జీవితము ఏలాగు ముగిసెనో చూచి, వారి విశ్వాసమును అనుసరించుమని ఆ వచనము మనలను హెచ్చరించుచున్నది.

1. సముద్రముపై

కార్టర్ 1924 అక్టోబరు 1న జార్జియా రాష్ట్రములోని ప్లెయిన్స్ అను పల్లెలో జన్మించెను. 1946లో అన్నాపొలిస్ నౌకాదళ విద్యాలయమున పట్టము పొంది, అదే సంవత్సరము జూలై 7న తన ఊరి కన్యయైన రోజలిన్‌ను వివాహమాడెను. నౌకాదళ విద్యార్థిగా నున్నప్పుడే ఆదివారపు బడిలో బోధింప నారంభించెను. తొంబది యేండ్లు దాటిన తరువాత కూడ ఆ పనిని విడువలేదు.

పామ్‌ఫ్రెట్ అను జలాంతర్గామిలో పసిఫిక్ మహాసముద్రమును దాటుచున్నప్పుడు, ఒక రాత్రి ఆయన పైభాగమున కావలి యుండగా పెద్ద అల యొకటి ఆయనను ఎత్తుకొని పోయెను. చేతిలోని కమ్మీ జారిపోయెను. కాలిక్రింద ఓడ లేదు. అల వెనుకకు తీసినప్పుడు ఆయన ఓడ వెనుకనున్న ఫిరంగి గొట్టముపై పడి, దానిని కౌగిలించుకొని బ్రతికెను. కీర్తన 107లో ఓడలెక్కినవారు యెహోవా ఆశ్చర్యకార్యములను అగాధజలములలో చూచిరని చదువుచున్నాము. ఆ రాత్రి ఈ యౌవనుడును చూచెను.

అటుతరువాత అణుశక్తి జలాంతర్గాముల పనికి ఆయన ఎన్నికాయెను. హైమన్ రికోవర్ అను కఠినశీలుడైన అధికారి ఆయనను పరీక్షించుచు, విద్యాలయములో శక్తికొలది కృషి చేసితివా యని అడిగెను. ఎల్లప్పుడును చేయలేదని కార్టర్ నిజము చెప్పెను. ఎందుకు చేయలేదని ఆయన మరల అడుగగా కార్టర్‌యొద్ద జవాబు లేకపోయెను. ప్రియులారా, ఆ ప్రశ్న మనకును ఒకనాడు అంతకంటె గొప్ప సింహాసనము ఎదుట ఎదురుకానున్నది.

2. ఇంటి మార్గమున

1953లో తండ్రి మరణశయ్యపై నుండగా కార్టర్ ఇంటికి వచ్చెను. ఆ దినములలో తెల్లవారును నల్లవారును ఆ గుమ్మమునకు వచ్చి, తండ్రి రహస్యముగా చేసిన మేళ్లను చెప్పుచుండిరి. తాను ఎంత పెద్ద అధికారియైనను, తన జీవితము అట్టి సాక్ష్యమును పొందునా అని కుమారుడు ఆలోచించెను. ఆ సంవత్సరమే నౌకాదళ ఉద్యోగమును విడిచి, వేరుసెనగ పండించు తన పల్లెకు మరలెను.

కథ ఇక్కడ ముగిసినయెడల అది వట్టి పొగడ్త యగును. ఆ నిర్ణయమును ఆయన భార్యతో ఆలోచింపక చేసెను. ఆమెకు అది ఇష్టము లేకుండెను. ఇంటికి తిరిగివచ్చు ఆ దీర్ఘప్రయాణములో ఆమె భర్తతో మాటలాడక, అవసరమైన మాటలను చిన్నవాడైన పెద్ద కుమారునిద్వారా చెప్పించెను. తొమ్మిదేండ్ల తరువాత రాష్ట్ర శాసనసభకు పోటీ చేయునప్పుడును ఆయన ఆమెను అడుగలేదు. భక్తిగల గృహములలోను ఇట్టి మౌనప్రయాణములు కలవని మనకు తెలియును.

3. సాయంకాలపు పలక

అయినను ఆ దాంపత్యము డెబ్బది యేడు సంవత్సరములు నిలిచెను. ఏలాగు నిలిచెను? వారు ప్రతి రాత్రియు బైబిలును వంతులవారీగా బిగ్గరగా చదివెడివారు. స్పానిషు భాషను అభ్యసించుటకై పిమ్మట ఆ భాషలోనే చదివిరి. పగటి తగవును తీర్చుకొనక నిద్రపోరాదని నియమము చేసికొనిరి. ఒకమారు కోపము చాల దినములు చల్లారకపోగా, కార్టర్ వడ్రంగపు పనిలో నేర్పరి గనుక, పలుచని చెక్కను చెక్కి దానిపై ఒక వాగ్దానమును వ్రాసి భార్యకిచ్చెను. ఏ సాయంకాలము ఆమె ఆ పలకను చూపినను, ఆమె కోరినట్లు తాను క్షమాపణ అడుగుటయో, క్షమించుటయో చేయుదునని దాని భావము.

గృహమున నేర్చినది లోకములోను పనిచేయును. 1978 సెప్టెంబరులో కాంప్ డేవిడ్ నందు ఇశ్రాయేలు ప్రధానియైన బెగిన్ చర్చలను విడిచిపోవుటకు సిద్ధపడెను. కార్టర్ ఆయన మనవలందరి పేర్లు విడివిడిగా వ్రాసిన ఛాయాచిత్రములను తీసికొనిపోయి చేతికిచ్చెను. ఆ పేర్లు చదువుచు బెగిన్ హృదయము కరిగెను. చర్చ తిరిగి సాగి, ఐగుప్తుతో సమాధానమునకు దారి ఏర్పడెను. 1980లో ఓటమి పొందినను కార్టర్ సేవను మానలేదు. ఆయన తల్లి లిలియన్ అరువది యెనిమిదేండ్ల ప్రాయమున బొంబాయి యొద్ద విఖ్రోలిలో రోగులకు పరిచర్య చేసిన స్త్రీ. 2006లో ఈ దంపతులును మన దేశమునకు వచ్చి, లోనావాలాలో బీదలకు ఇండ్లు కట్టు పనిలో చేతులు కలిపిరి. ఒకప్పుడు మన పల్లెలను బాధించిన నారికురుపు వ్యాధి 1986లో లోకమున సుమారు ముప్పదియైదు లక్షల మందికి ఉండెను. ఆయన స్థాపించిన సంస్థయు ఇతరులును పాటుపడగా 2024 నాటికి అది ఇరువదికి లోపుగా తగ్గెను.

4. కట్లు విప్పబడిన దినము

2023 ఫిబ్రవరిలో కార్టర్ ఆసుపత్రి చికిత్సలను చాలించి, తన యింటనే అంత్యదినములు గడుప నిశ్చయించుకొనెను. ఆ నవంబరు 19న రోజలిన్ ముందుగా నిద్రించెను. ఆమె జ్ఞాపకార్థ కూడికకు ఆయనను చక్రముల కుర్చీలో తీసికొని వచ్చిరి. 2025 జనవరిలో ఆయన శవపేటిక నౌకాదళ స్మారకస్థలము మీదుగా వాషింగ్టను వీధులలో ఊరేగి, తొమ్మిదవ తేదీ ఆరాధన తరువాత ప్లెయిన్స్‌కు మరలి, రోజలిన్ ప్రక్కను భూస్థాపన చేయబడెను. ఆ ఆరాధనలో మనవడు ఆయన పదవులకంటె వంటింటిని గూర్చి యెక్కువ చెప్పెను: కడిగిన ప్లాస్టికు సంచులను తిరిగి వాడుటకై ఆరవేయు చిన్న ఇల్లు అది.

ఇప్పుడు మన సంగతి చూచుకొందము. విశాఖపట్టణపు రేవున నౌకాదళ కుటుంబములు ఎన్నియో మన సంఘములలో నున్నవి. ఓడ బయలుదేరు గడియలో త్రాళ్లు చిక్కుపడియున్నయెడల ఏమగునో వారు ఎరుగుదురు. చిక్కులను ఆ గడియ వరకు ఉంచుట అవివేకము. మనమైతే ఉంచుచున్నాము. ప్రభువు బల్లయొద్ద ప్రక్కప్రక్కనే మోకరించి, ఇంటిలో నెలల తరబడి మాటలాడుకొనని దంపతులు కలరు. తండ్రి పొలము పంపకములో విడిపోయి, తండ్రి శవపేటికయొద్దనే మరల ముఖములు చూచుకొనిన అన్నదమ్ములు కలరు. భార్యను క్షమాపణ అడుగుట పురుషునికి తక్కువతనమని మన పెంపకము నేర్పెను. సువార్త అట్లు నేర్పలేదు.

ఆ చెక్కపలకకు దానంతట అదే బలము లేదు. మన ఋణపత్రమును మేకులతో కొట్టి రద్దు చేసిన మరియొక మ్రాను కలదు (కొలస్సీ 2:14). అక్కడ క్షమింపబడినవాడే ఇక్కడ క్షమింపగలడు. పౌలు ఎఫెసీ సంఘమునకు సూర్యాస్తమయమును గడువుగా పెట్టుటకు కారణము ఇదే. మరుసటి ఉదయము మనకు వాగ్దానము చేయబడలేదు. ఈ సాయంకాలము మాత్రము ఇయ్యబడియున్నది.

ప్రియ చదువరీ, నీ యింట ఎవరితోనైన ముడిపడియున్న త్రాడు కలదా? జ్ఞాపకార్థ కూడికలో వేదికనుండి ఇతరులు చెప్పు మాటలకంటె, నేటి రాత్రి దీపమార్పక మునుపు నీవు చెప్పు ఒక్క మాట దేవునికి ప్రియము. పుస్తకమును ప్రక్కన పెట్టి వెళ్లి చెప్పుము.

ప్రార్థన: సముద్రమును గద్దించిన ప్రభువా, మా గృహములలోని మౌనమును తీర్చుము. నీ సిలువయందు మాకు దొరికిన క్షమాపణను మా ఇంటివారికి దినదినము పంచు కృప నిమ్ము. మా కట్లు విప్పబడు దినమున చిక్కులేక, భయములేక నీయొద్దకు బయలుదేరునట్లు మమ్మును సిద్ధపరచుము. ఆమేన్.