పిలుపులోని మర్యాద

పదిమందిచేత పని చేయించువాడు దయగలవాడై యుండవలెనన్నచో కాదనువారు లేరు. కాని చెప్పినవారును విన్నవారును మఱునాడు పనిచోటికి బోయి, “ఏరా, ఇంకా తెమలలేదా?” అనియే యారంభింతురు. దయ తీరిక గలవారి గుణమనియు, పని జరుగవలెనన్న కేకలు తప్పవనియు మన మనస్సులలో గట్టిగా నాటుకొని యున్నది. ఈ నమ్మక మెంతవఱకు నిజమో విచారింపవలసి యున్నది.

మా శృంగవరపుకోట మీదుగా కొత్తవలసనుండి కిరందూలునకు బోవు రైలుదారి కలదు. బైలదిల్లా గనుల ఇనుపఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై 1960ల దశకమున దీనిని నిర్మించిరి. మా యూరు దాటిన కొంతసేపటికి బండి కొండలెక్క నారంభించును. దారిపొడవున 50కి పైగా సొరంగము లున్నవి. వానకాలమున కొండచరియలు విఱిగి బండలు పట్టాలపై బడుటయు కలదు. ఇట్టి దారిని ఇంజనీర్లు కాపాడుచున్నారని మనము తలంతుము. కాని ఇంజనీరు ప్రతిదినమును దానివెంట నడువడు. సుత్తియు, పానాయు, ఎఱ్ఱజెండాయు చేతబట్టి తన వంతు దారిని కాలినడకను పరీక్షించువాడు కీమ్యాను. వదులైన బిగింపును, పట్టాలోని సన్నని చీలికను మొదట జూచునవి అతని కన్నులు. అతడు చూచినది గ్యాంగుమేటునకును, మేటు తన పైయధికారికిని తెలుపవలెను.

ఒక్కమాఱు ఊహింపుడు. నిన్న అతడేదో యనుమానము చెప్పెను. పోయి చూడగా నేమియు లేదు. “కళ్ళు పోయినాయా?” అని మేటు పదిమంది యెదుట వెక్కిరించెను. నేడు మఱియొక యనుమానము తోచినది. బండి నాపించిన పిదప అదియు ఉత్తదే యైనచో? అతడు తటపటాయించును. ఆ తటపటాయింపునకు వెల యిచ్చువాడు మేటు కాడు; బండిలో నిద్రించుచున్న ప్రయాణికుడు.

ఇది నా యూహ మాత్రమే కాదు. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అను విదుషి ఆస్పత్రులలో మందు లిచ్చుటయందలి పొరపాట్లను పరిశోధించి 1996లో ఫలితములను ప్రకటించెను. మంచి నాయకత్వము గలచోట తప్పులు తక్కువగా నుండునని ఆమె యెదురు చూచెను. లెక్కలు తలక్రిందులుగా వచ్చినవి. అట్టిచోటనే ఎక్కువ తప్పులు కనబడినవి! అచ్చటివారు తప్పులు దాచక చెప్పుకొనుచుండుటయే కారణమని ఆమె గ్రహించెను. కేకలు వేయు అధికారి బల్లమీద కాగితములు శుభ్రముగా నుండుటకు కారణమేమో దీనివలన తెలియగలదు.

అట్లని తప్పును చూచి చూడనట్లుండుట దయ కాదు. త్రాగివచ్చిన కీమ్యానును దారిమీదికి పంపుట నేరమే. అతనిని నిలిపివేయవలసినదే; కాని నిలిపివేయుటకు తిట్టు అక్కఱలేదు.

దయకంటె గౌరవము కష్టమైనది. సంక్రాంతికి కొత్తపంచె పెట్టి, ఏడాది పొడవునను “ఒరే” అని పిలుచు యజమాని నొకని నెఱుగుదును. ఊరిలో అతనికి దయాళువనియే పేరు. పంచె నిచ్చుటవలన అతని యాధిక్యమునకు లోటు లేదు, పైగా పెరుగును. “మీరు” అనుట అట్టిది కాదు.

ఇవి వ్రాయుటకు నాకు అర్హత కలదా? లేదనియే యొప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట ఒక పాఠశాలలో పరీక్షల భారము నాపై నుండెను. నాకంటె పదేండ్లు పెద్దయైన అటెండరు ప్రశ్నపత్రముల కట్టలను వేఱొక గదిలో నుంచెనని, పిల్లల యెదుట అతనిని ఏకవచనమున గద్దించితిని. నాలుగు దినముల తరువాత ఒక కట్ట పలుచగా నుండుట అతడు చూచియు నోరు మెదపలేదు. పరీక్ష మొదలైన పిమ్మట పత్రములు చాలక పిల్లలు లేచి నిలుచుండిరి. ముందే యేల చెప్పలేదని యడిగితిని.

“సెప్తే మీరేటంతారోనని, బాబూ,” అనెను.

అప్పుడును అతడు నన్ను “మీరు” అనుట మానలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱుసటి పరీక్షలనాడు కట్టలు రాగానే అతనికడకు బోయి, “ఇవి యొక్కసారి మీరు చూడండి” అంటిని. అతడు తన వెనుక నెవరైన నిలిచియున్నారేమో యని తిరిగి చూచెను. ఎవరును లేరు. పిదప క్రింద కూర్చుండి కట్టలు విప్పి లెక్కింపసాగెను.