మందారానికి కర్త ఎవరు?

పద్మనాభం కొండమీది అనంతపద్మనాభస్వామి పేరులోనే సృష్టి కథ ఉంది. విష్ణువు బొడ్డులోంచి తామర, ఆ తామరలో బ్రహ్మ. తానెక్కడినుంచి వచ్చాడో తెలియక బ్రహ్మ తామరతూడు వెంట కిందికి దిగి వెతికాడనీ, మొదలు దొరకలేదనీ భాగవతం చెబుతుంది. సృష్టికర్తకే తన మొదలు అంతుబట్టలేదన్న కథ ఇది. దాన్ని నమ్మేవాళ్లు, పెరట్లో రెండు మందారాల పుప్పొడి కలిపి కొత్త రంగు పూయించే మనిషిని ‘దేవుడి పనిలో వేలు పెడుతున్నాడు’ అనడం సబబుగా లేదు. ఈ భయం మనకే కాదు, ఊరూరా ఉన్నదే. లండన్ తోటమాలి థామస్ ఫెయిర్‌చైల్డ్ 1717 ప్రాంతంలో రెండు రకాల పూలమొక్కలను సంకరం చేశాడు. పాపం చేశానేమోనన్న బెరుకు అతన్ని వదల్లేదంటారు. 1729లో చనిపోయినప్పుడు, సృష్టిలో దేవుడి మహిమ గురించి చర్చిలో ఏటా ప్రసంగం చేయించమని 25 పౌన్లు వీలునామాలో రాసిపెట్టి పోయాడు.

ఇంతకీ సంకరం చేసే మనిషి చెయ్యి చేసే పనేమిటి? తల్లిగా ఎంచుకున్న పువ్వులో పుప్పొడి తిత్తులు పగలకముందే వాటిని తీసేస్తారు. వేరే మొక్క పుప్పొడి తెచ్చి, పువ్వు నడిమి కాడ కొసనున్న అయిదు మెత్తటి బొడిపెలకు అద్దుతారు. గుర్తుకు తొడిమకి దారం కడతారు. అంతే. కాయ నిలుస్తుందో రాలుతుందో అతని చేతిలో లేదు. నిలిచినా, ఒకే కాయలోని గింజలు ఒక్కోటి ఒక్కో తీరుగా పూస్తాయి. కుండకు మట్టి ఉపాదానం, కుమ్మరి నిమిత్తం అంటారు తార్కికులు. కుమ్మరికి రాబోయే కుండ ముందే తెలుసు, ఇతనికి అదీ తెలియదు. కార్యం కారణంలో ముందే ఉందన్న సాంఖ్యుల మాటకు 1866లో అచ్చయిన మెండెల్ బఠాణీ ప్రయోగాలు చాలా దగ్గరగా వస్తాయి. మొదటి తరంలో మాయమైన తెల్లపువ్వు రెండో తరంలో దాదాపు నాలుగోవంతు మొక్కల్లో మళ్లీ పూసింది. నైయాయికులు ఒప్పుకోరు, మట్టిలో కుండ లేదు, చేశాకే వచ్చిందంటారు. సరే, ఆ కలయిక కొత్తదే అనుకుందాం. కొత్తదైనంత మాత్రాన మనిషి సొత్తు అయిపోదు. పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే తేనెటీగను ఎవరూ అపరబ్రహ్మ అనలేదు కదా!

సంకరమన్న మాటకే చెడ్డపేరుంది కాబట్టి హైబ్రిడ్ పువ్వు పూజకు పనికిరాదని మరో ఆక్షేపణ. అలాగైతే అమ్మవారి పూజకు మందారమే మానుకోవాలి. 1753లో లిన్నేయస్ పేరు పెట్టిన ఈ మొక్క అడవిలో సహజంగా పెరుగుతూ ఎక్కడా కనిపించలేదు. ఇది ఏనాటిదో పాత సంకరమేనని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. గొడ్డుమొక్కలు పుడతాయన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఢిల్లీ కనకాంబరం విత్తనం కట్టదు, కొమ్మలు నాటే పెంచుతారు. అలాంటి మొక్కకు లోటు జరిగిందనలేను గానీ, దాన్ని బతికించే పూచీ మాత్రం మనిషి మీద పడుతుంది. అసలు తప్పు వెతకాల్సింది కలపడంలో కాదు, ఏరడంలో. మొలిచినవాటిలో కంటికి నచ్చిన ఒకటి ఉంచి మిగతావి పీకేసేది మనిషే, అక్కడ అతను నిమిత్తమాత్రుడు కాదు. కొత్త రంగు మోజులో పాత ఒంటిరేక మందారాన్ని తీసి పారేస్తే, రేపటి సంకరానికి కావలసిన ఉపాదానమే పోతుంది.