క్షమించుటకు అధికారి యెవరు?

ఒకడు నాకు ద్రోహము చేసినచో వానిని క్షమించుటయు, క్షమింపకుండుటయు నా యిచ్చ. ఆ ద్రోహము నా పొరుగువానికి జరిగినప్పుడు నేను ముందునకు వచ్చి "పోనిమ్ము, వీనిని నేను క్షమించితిని" అని పలికినచో దానిని ఔదార్యమందురా? పొరుగువాడు నా మాట విని నవ్వునో, కంట తడి పెట్టునో చెప్పలేము. ఇంటిలో నింత తేటగా తోచు నీ విషయము ప్రభుత్వములోనికి పోవునప్పటికి మిక్కిలి చిక్కుపడును. అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షునికి గల క్షమాధికారమును గూర్చి యిటీవల అచట చెలరేగిన వాదములను చదువునపుడెల్ల నాకీ ప్రశ్నయే మనసున మెదలుచుండును. ఆ దేశపు వార్తలు మనకిప్పుడు దూరపు వార్తలు కావు. పెక్కు తెనుగు కుటుంబముల బిడ్డలు అచట కాపురములుండి, అచటి పౌరులై, అచటి యెన్నికలలో సమ్మతులు నిచ్చుచున్నారు. మన యిండ్లలో ప్రొద్దుటి కాఫీతో పాటు వాషింగ్టన్ నగరపు వార్తయు దిగుచున్నది.

1787వ సంవత్సరమున ఫిలడెల్ఫియాలో కూడి రాజ్యాంగమును వ్రాసిన పెద్దలు ఇంగ్లాండు రాజుతో పోరాడి గెలిచినవారు. అయినను ఆ రాజునకు గల యొక యధికారమును మాత్రము ఇంచుమించు చెక్కు చెదరకుండ తమ అధ్యక్షుని చేతిలో పెట్టిరి. సంయుక్త ప్రభుత్వమునకు విరోధముగా జరిగిన యే నేరమునైనను అతడు క్షమింపవచ్చును. మహాభియోగ విషయమొక్కటియే దీనికి మినహాయింపు. రాష్ట్ర శాసనముల ననుసరించి విధింపబడిన శిక్షలు అతని చేతికందవు. కాని తన పరిధిలో నతడు ఎవరి యనుమతియు కోరనక్కఱలేదు, కారణము చెప్పనక్కఱలేదు. న్యాయస్థానములు దీనియందు చేయి పెట్టుట మిక్కిలి యరుదు. ప్రతి నవంబరు నెలలోను పండుగకు ముందు అధ్యక్షుడొక సీమకోడిని క్షమించుట యను వేడుక కూడ నచట కలదు. ఆ కోడి చేసిన నేరమేమో యెవరును చెప్పరు.

హామిల్టను ఈ యధికారమును సమర్థించుచు, తిరుగుబాటు జరిగిన వేళ సమయమెఱిగి చెప్పిన యొక్క క్షమావాక్యము దేశమునకు శాంతిని మరల తెచ్చుననియు, అట్టి సమయమును పట్టుకొనుటకు సభ కంటె ఒక్క మనుష్యుడే సమర్థుడనియు వాదించెను. వర్జీనియాకు చెందిన జార్జి మేసను దీనిని విని బెదరెను. అధ్యక్షుడు తానే ప్రేరేపించిన నేరములను తానే క్షమించి, తన గుట్టు బయటపడకుండ చేసికొనునేమో యని యాతని శంక. అట్లు చేసినవానిని మహాభియోగముచే తొలగింపవచ్చునని మాడిసను సమాధానము చెప్పెను. ఆ మువ్వురి మాటలును నేటికిని పాతబడలేదు. హామిల్టను కోరిన రీతి క్షమకు తొలి యుదాహరణమును వాషింగ్టనే చూపెను. 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు సారాయి పన్నుపై తిరుగబడగా అతడు స్వయముగ సేనతో కదలి వారి నణచెను. రాజద్రోహ నేరమునకు ఉరిశిక్ష పడిన యిద్దరిని 1795లో విడిచిపుచ్చెను. అచట దెబ్బ తగిలినది ముఖ్యముగ ప్రభుత్వమునకు, ఆ ప్రభుత్వమే క్షమించినది. కావున అందు చిక్కు తక్కువ.

మన వాఙ్మయమున క్షమను గూర్చిన చర్చ యెంతయో కలదు, కాని లోకులు దానిలో సగమునే పట్టుకొనిరి. క్షమ గొప్పదని ధర్మరాజు అరణ్యమున చెప్పిన మాటను పురాణము చెప్పువారందఱు వర్ణింతురు. దానికి ముందు ద్రౌపది చెప్పిన దానిని తొందరగా దాటవేయుదురు. ఆమె ప్రహ్లాదుడు తన మనుమడగు బలికి బోధించిన నీతిని చెప్పును. ఎల్లప్పుడు కోపము తగదు, ఎల్లప్పుడు క్షమయు తగదు. తెలియక చేసినవాడు క్షమార్హుడు. మొదటి తప్పు క్షమింపదగినది. తెలిసి చేసి, తెలియక చేసితినని బొంకువానిని అల్పదోషమునకైనను దండింపవలెను. ఇది కసితో పలికిన మాట కాదు. సభలో అవమానము పొందినది ఆమె. క్షమ యొక్క వెల యెంతో ఆమెకు తెలిసినట్లు ధర్మరాజునకు కూడ తెలియదని నా యభిప్రాయము.

ఆ ద్రౌపదియే మరియొక చోట క్షమించినది. నిద్రించుచున్న తన యైదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు, వీని తల్లి నావలె నేడువవలదని విడిపించిన కథను పోతన భాగవతమున తెనుగువారందఱు చదివియే యుందురు. అచట గమనింపవలసినవి రెండు. క్షమించినది కడుపుకోత పడిన తల్లి. విడువబడినవాడు తల గొరిగింపబడి, శిరోమణిని పోగొట్టుకొని, చేసిన పని లోకమునకు తెలియునట్లు వెడలిపోయెను. ప్రాణము దక్కినది కాని నేరము మఱుగుపడలేదు.

ఈ రెండు గుర్తులను పట్టుకొని అమెరికా చరిత్రను చూడుము. 1974 ఆగస్టు 9వ తేదీన అధ్యక్ష పదవిని విడిచిన నిక్సనును, అతని స్థానమున కూర్చున్న ఫోర్డు ఒక్క నెల గడచునంతలో, సెప్టెంబరు 8వ తేదీ ఆదివారమునాడు, పూర్తిగా క్షమించెను. అభియోగమింకను మోపబడలేదు, విచారణ జరుగలేదు. పదవిలో నున్న కాలమంతటిలో అతడు చేసిన, లేక చేసియుండవచ్చునన్న నేరములన్నియు ఒక్క సంతకముతో తుడిచివేయబడినవి. ఫోర్డు స్వంత పత్రికా కార్యదర్శి ఆ దినముననే పదవిని విడిచెను. ఫోర్డును ఉపాధ్యక్షునిగా నియమించినవాడు నిక్సనే గనుక, ఇద్దరి నడుమ బేరము జరిగినదని జనులు గుసగుసలాడిరి. ఫోర్డు ప్రజాప్రతినిధి సభ యుపసంఘము నెదుటకు తానే పోయి అట్టి బేరము లేదని సాక్ష్యమిచ్చెను. 1976 ఎన్నికలో నతడోడిపోయెను. ఆ క్షమయే దానికొక కారణమని పలువురందురు. 2001లో, ఒకప్పుడు తన్ను తిట్టిన ఎడ్వర్డు కెనడీయే, తన యన్న పేర నిచ్చు ధైర్య పురస్కారమును ఫోర్డున కిచ్చి, దేశమునకు మేలే జరిగినదని యొప్పుకొనెను.

ఫోర్డు చెడ్డవాడని నేననను. తన పదవిని పణముగా పెట్టి క్షమించినవాడు అతడు. తాను నష్టపడి క్షమించుటయందొక గౌరవము కలదు. అయినను ఆ పని సరియైనదని నేనొప్పుకొనజాలను. నిక్సను ఏలుబడిలో పని చేసిన మిచెల్, హాల్డిమన్, ఎర్లిక్‌మన్ అనువారు 1975 జనవరి 1వ తేదీన దోషులుగ తేలి, కడపట కారాగృహమునకు పోయిరి. యజమానుడు కాలిఫోర్నియా తీరమున తన యింట నుండెను. 1915లో అచటి సర్వోన్నత న్యాయస్థానము, క్షమాపత్రమును గైకొనుట నేరము నొప్పుకొనుటతో సమానమని యొక తీర్పులో ననెను; ఆ వాక్యమును కాగితముపై వ్రాసి ఫోర్డు తన జేబు సంచిలో పెట్టుకొని తిరిగెనని చెప్పుదురు. పాపము, మనసున కూరట కావలసినది అతనికే. నిక్సను తప్పటడుగులు వేసితినన్నాడు కాని నేరము చేసితినని యేనాడు ననలేదు. శిరోమణి తీయకుండ విడిచిన అశ్వత్థామ యితడు.

దీనికంటె కరుణమైన కథ దక్షిణ కెరొలీనా తీరమున నొక దీవిలో జరిగినది. బానిసత్వమును గూర్చిన అంతర్యుద్ధము ముగియవచ్చుచుండగా, 1865 జనవరిలో సేనాని షెర్మను ఆ తీరభూములను విముక్తులైన నల్లవారికి కుటుంబమునకు 40 ఎకరముల వంతున పంచవలెనని యాజ్ఞ చేసెను. వారు దున్నిరి, విత్తిరి. ఇంతలో లింకను హతుడయ్యెను. ఆండ్రూ జాన్సను అధ్యక్షుడై, ఆ మే నెలలో తిరుగుబాటుదార్లకు క్షమ ప్రకటించి, బానిసలు తప్ప తక్కిన యాస్తి నంతయు వారికి మరల నిప్పించెను. ఆస్తి యనగా ఆ భూములే. ఆ మాట చెప్పుటకై అక్టోబరులో సేనాని హోవర్డు ఎడిస్టో దీవికి పంపబడెను. అతడు దయగలవాడు, యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొన్నవాడు. పాత యజమానులను క్షమించి వారితో పొత్తు కుదుర్చుకొనుడని యాతడు బతిమాలెను. దీవివారు ముగ్గురిని తమ తరఫున నియమించి అతనికొక లేఖ వ్రాయించిరి. అయ్యా, మీరు పోగొట్టుకొన్నది చేయి మాత్రమే, మీరు క్షమింపవచ్చును. నన్ను చెట్టునకు కట్టి కొరడాతో కొట్టినవానిని, నా తల్లిని, నా చెల్లెలిని బట్టలూడ్చి కొట్టినవానిని, నన్ను మరల నిలువ నీడలేనివానిగ చేయనున్నవానిని నేనెట్లు క్షమింతును అని దాని సారము.

ఈ లేఖను చదివిన పిమ్మట క్షమను గూర్చి వ్రాసిన తత్త్వగ్రంథములు కొన్ని చప్పబడునని నాకు తోచును. అందు ద్వేషము లేదు, లెక్క కలదు. వాషింగ్టనులో నొకడు ఉదారుడగుటకు ఎడిస్టోలో వేయిమంది తమ నేలను చెల్లించిరి. ఒకరి సొమ్ముతో మరియొకరు దానము చేసి పుణ్యము సంపాదించుటను మన పల్లెలలో నేమందురో చదువరులెఱుగుదురు. 1868 క్రిస్మసునాడు జాన్సను మిగిలినవారి నందఱిని కూడ క్షమించి తన పనిని పూర్తిచేసెను. నల్లవారిని అడిగినవారెవ్వరును లేరు.

ఐనచో ప్రభుత్వమునకు క్షమించు హక్కే లేదందమా? అట్లు కాదు. ప్రభుత్వము తనకు కలిగిన కోపమును తానుపసంహరించుకొనవచ్చును, ఉపసంహరించుకొనవలెను కూడ. యూజీను డెబ్సు అను కార్మిక నాయకుడు 1918లో ఓహైయోలోని కాంటను పట్టణమున యుద్ధమును నిరసించుచు నుపన్యసించినందుకు పదేండ్ల చెర పడినది. కారాగృహముననుండియే 1920లో అధ్యక్ష పదవికి పోటీచేయగా తొమ్మిది లక్షలకు పైగా సమ్మతులు వచ్చినవి. విల్సను అతనిని విడువ నిరాకరించెను. ఎదిరిపక్షమువాడగు హార్డింగు 1921 క్రిస్మసునకు విడిపించి, అధ్యక్ష భవనమునకు పిలిపించుకొని పలుకరించెను. డెబ్సు మాటవలన ఎవరి యిల్లును కూలలేదు, ఎవరి తల్లియు నేడువలేదు. నొచ్చినది ప్రభుత్వపు అభిమానము. వియత్నాము యుద్ధమునకు పోనొల్లక తప్పించుకొన్నవారిని 1977 జనవరి 21న కార్టరు క్షమించుటయు నించుమించుగ నిట్టిదే. ఇంచుమించుగ ననుట యేలననగా, వారికి బదులుగా పోయి మరణించిన పేదవారి బిడ్డలు కలరు, ఆ తల్లిదండ్రుల మాట వేరు.

ఇటీవలి కాలమునకు వత్తము. 2024 డిసెంబరు 1న అధ్యక్షుడు బైడెను, చేయనని ముందు పలుమార్లు చెప్పియు, తన కుమారుని క్షమించెను. దాదాపు పదునొకండేండ్ల కాలమున జరిగియుండగల నేరములన్నిటికి నా క్షమ వర్తించును. 2025 జనవరి 20న, పదవి దిగు చివరి నిమిషములలో, తోబుట్టువులకును వారి యాలుమగలకును ముందుగనే క్షమాపత్రములు వ్రాసిచ్చెను. అదే దినమున ట్రంపు పదవిని గైకొని, 2021 జనవరి 6న శాసనసభా భవనముపై బడినవారిలో సుమారు 1500 మందిని క్షమించి, మరి 14 గురి శిక్షలను తగ్గించెను. మొదటిది ధృతరాష్ట్రుని దౌర్బల్యము. కన్నకడుపు గలవారు దానిని నిందించుచునే యర్థము చేసికొందురు. రెండవది యంతకంటె గొప్ప ప్రమాదము. ఆ దినమున ఊరక భవనమున దూరి తిరిగినవారును కలరు. వారిలో నొక్కొక్కరి సంగతి విచారించి దయ చూపినచో ఆక్షేపింపను. కాని ఆనాడు సుమారు 140 మంది రక్షకభటులు దెబ్బలు తినిరి. వారిని కొట్టినట్లు న్యాయస్థానమున ఋజువైనవారును అదే మూటలో విడువబడిరి. దేశమున సమాధానము కలుగుటకే యిట్లు చేయబడినదని ఆ ప్రకటనలో వ్రాయబడినది. కలహము తన నిమిత్తముగనే పుట్టినప్పుడు, తన పక్షమువారిని విడిచిపుచ్చుట సమాధానమెట్లగును? మేసను శంకించినది యీ చోటనే. మాడిసను చూపిన మహాభియోగము ఇదివఱ కేయధ్యక్షుని తొలగింపలేదు.

ఆ క్షమను పొందినవారిలో నొక వృద్ధురాలు కలదు. ఆమె అరువది దినములు చెరలో నుండి వచ్చినది. తాను తప్పు చేసినమాట నిజమనియు, ఈ పత్రమును గైకొన్నచో ఆ భటులను అవమానించినట్లగుననియు చెప్పి క్షమను నిరాకరించినది. అడుగనివానికి క్షమను బలవంతముగ నంటగట్టరాదని 1915 నాటి తీర్పే చెప్పుచున్నది గదా.

మన దేశమున రాష్ట్రపతికిని గవర్నరులకును ఇట్టి యధికారము కలదు గాని వారు మంత్రుల సలహాను అనుసరింపవలెను. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక రాజకీయ పక్షమువానికి శిక్ష తగ్గింపగా, హతుని కొడుకు సుప్రీంకోర్టు నాశ్రయించెను; 2006లో న్యాయమూర్తులు ఆ యుత్తరువును కొట్టివేసిరి. అతడు ఫలానా పక్షమున మంచి కార్యకర్త యను మాటయు ఆ కాగితములలో నుండెనట! కులము, మతము, పక్షము చూచి క్షమించుట చెల్లదని వారు తేల్చిరి. ఇది మనము గర్వింపదగిన తీర్పు. అమెరికాలో నిట్టి కట్టడి లేదు. నిక్సను క్షమింపబడిన పిమ్మట సెనేటరు మాండేలు, ఉభయ సభలును మూడింట రెండు వంతుల సమ్మతితో క్షమను రద్దుచేయునట్లు రాజ్యాంగమును సవరింపవలెనని ప్రతిపాదించెను, అది సాగలేదు.

సాగినను, ఆ సవరణ సభవారిని అడుగుమన్నదే కాని నొచ్చినవారిని అడుగుమనలేదు. అచటి న్యాయశాఖ నియమములలో మాత్రము, క్షమార్జీ వచ్చినప్పుడు తగిన సందర్భములలో బాధితులకు తెలిపి వారి మాటను వినవలెనను విధి యొకటి కలదు. అయితే ఆ నియమములు అధ్యక్షుని కట్టివేయవు. 2025లో నా సుమారు 1500 మందిని గూర్చి యట్టి విచారణ జరుగకయే సంతకము పడినది. సంతకమునకు ముందు వారి మాటను వినుట విధి యని శాసనము చేసినచో అధ్యక్షుని యధికారమునకు వచ్చు లోటేమి? విని కూడ నతడు క్షమింపవచ్చును. దెబ్బతిన్న భటుడు గాని, హతుని కొడుకు గాని, కొంద ఱెదురు చెప్పుదురు, కొందఱు ద్రౌపదివలె విడువుమందురు. ఏమందురో ముందుగ మన మెఱుగము. ఎడిస్టో దీవిలో హోవర్డు ఆ లేఖ నందుకొనునప్పటికే భూమి యెవరిదో వాషింగ్టనులో నిశ్చయమైపోయినది.