ఏది మురికి?

శుభ్రత విషయంలో మన ఆడవాళ్ళం ఎవరికీ తీసిపోం. తెల్లారి లేచి వాకిలి కడగడం మొదలు, రాత్రి పొయ్యిగట్టు తుడిచేదాకా మన చేతిలో తడిగుడ్డ వుండనే వుంటుంది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు గనక ఇంటినీ తోముతాం, మనల్నీ తోముకుంటాం. బాగానే వుంది. కానీ తోముతున్నది మురికినేనా, లేక ఎవరో మురికి అంటే నమ్మేసినదాన్నా అన్న ప్రశ్న మాత్రం వేసుకోం. ఆ ప్రశ్న తప్పకుండా వేసుకోవలసిన చోటొకటి మన ఒంట్లోనే వుంది. దాని పేరు చెప్పడానికి మనకి నోరు రాదు. డాక్టరమ్మ ముందు కూర్చుని కూడా “అక్కడ” అంటాం, “కింద” అంటాం. ఎక్కడమ్మా అని ఆవిడ అడిగితే తలొంచుకుంటాం.

స్నానం చేసేటప్పుడు పైన కడుక్కోవడం గురించి కాదు నేను చెప్పబోయేది. యోని లోపలికి నీళ్ళో, వెనిగర్ కలిపిన నీళ్ళో, వంటసోడా నీళ్ళో, అయొడిన్ మందో సీసాతో, గొట్టంతో పంపి కడగడం గురించి. దీన్ని డూష్ అంటారు. ఫ్రెంచి మాట, షవర్ అని అర్థం. అమెరికాలో 15 నుంచి 44 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు అయిదుగురికి ఒకరు ఈ పని చేస్తారని అక్కడి ప్రభుత్వ మహిళా ఆరోగ్య కార్యాలయం లెక్క చెప్పింది. మన దగ్గర ఆ సీసాలు అంతగా లేకపోయినా చెంబెడు నీళ్ళలో మూతెడు డెట్టాల్ కలుపుకునేవాళ్ళు లేరా? “నెల స్నానం అయ్యాక లోపల కూడా బాగా కడుక్కో” అని పెద్దవాళ్ళు చెబితే తలూపినవాళ్ళు లేరా?

ఇందులో ఒక కథ వుంది, వినండి. 1873లో అమెరికాలో కామ్‌స్టాక్ చట్టం వచ్చింది. గర్భనిరోధక సాధనాలనీ, వాటి గురించిన రాతలనీ పోస్టులో పంపడం నేరమయింది. పిల్లలు వద్దనుకున్న ఇల్లాళ్ళు ఆ మాట ఎవరినీ అడగలేరు, ఎవరూ చెప్పలేరు. సరిగ్గా ఆ మౌనంలోకి వ్యాపారం దూరింది. నేలలూ మురుగు తూములూ శుభ్రం చేసే లైసాల్‌ని “స్త్రీల శుభ్రత” కోసమంటూ 1920ల నుంచి పత్రికల్లో జోరుగా ప్రకటించారు. పైకి చెప్పింది శుభ్రత, చదివినవాళ్ళు అర్థం చేసుకున్నది గర్భం రాకుండా వుండడం. ఆ ప్రకటనల్లో భర్త ముఖం చాటేస్తాడు, భార్య కుమిలిపోతుంది. తప్పెవరిది? సరిగ్గా కడుక్కోని భార్యదేనట! అప్పటి లైసాల్‌లో క్రెసాల్ అనే, చర్మాన్ని కాల్చే మందు వుండేది. 1911 నాటికే లైసాల్ వల్ల 193 విషప్రమాదాలూ, లోపల కడుక్కోవడం వల్ల అయిదు మరణాలూ డాక్టర్ల రికార్డుల్లోకి ఎక్కాయి. పోనీ గర్భమైనా ఆగిందా అంటే, అదీ లేదు. ఒళ్ళూ కాలింది, పనీ కాలేదు.

ఇంతకీ ఆ కడగడం దేన్ని కడిగేస్తుంది? దీనికి జవాబు ఏ ప్రొఫెసరు కంటేనూ పెరుగు తోడేసే మనకే తేలిగ్గా తెలుస్తుంది. 1892లో డోడర్లైన్ అనే జర్మన్ వైద్యుడు ఆ చోట మామూలుగా వుండే సూక్ష్మజీవుల్ని వర్ణించాడు. లాక్టోబాసిల్లై అంటాం వాటిని. గిన్నెలో పాలని పెరుగు చేసేవాటికి చుట్టాలే. యోని గోడల కణాల్లో వుండే పిండిపదార్థాన్ని అవి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకి, అంటే పి.హెచ్. 3.8 నుంచి 4.5 దాకా వుండే ఆ వాతావరణానికి, చెడ్డ క్రిములు తట్టుకోలేవు. లోపల నుంచి సన్నగా ఊరే ద్రవం పాతకణాల్ని తనే బయటికి తెస్తుంది. కన్ను కన్నీటితో తనని తాను కడుక్కున్నట్టే. కంట్లో ఎవరమైనా సబ్బు వేసుకుంటామా? తోడుకుంటున్న పెరుగుగిన్నెలో ఫినాయిల్ పోస్తామా?

పోస్తే ఏమవుతుందో డాక్టర్లు చెబుతూనే వున్నారు. మంచి క్రిములు పోయిన జాగాలో వేరేవి పెరిగి బాక్టీరియల్ వజైనోసిస్ వస్తుంది, దానితో వాసనా వస్తుంది. లోపల వున్న క్రిముల్ని ఆ నీటిధార గర్భాశయం దాకా, ఫెలోపియన్ నాళాల దాకా తోసేయవచ్చు. అలా కటి భాగంలో ఇన్‌ఫెక్షన్ చేరితే పిల్లలు పుట్టడం కష్టమవచ్చు, గర్భం నాళంలోనే నిలిచే ప్రమాదం వుంది. ఈ అలవాటు వున్నవాళ్ళలో నెలలు నిండని కాన్పులు ఎక్కువని కూడా గమనించారు. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం డూష్ వద్దనే చెబుతుంది. కొండనాలుకకి మందేస్తే వున్న నాలుక ఊడినట్టన్నమాట. ఇంకా విచిత్రం ఏమిటంటే, వాసన వచ్చిందని కడుగుతాం, కడిగినందువల్ల వాసన వస్తుంది, మళ్ళీ కడుగుతాం. కొత్తగా పెళ్ళయిన పిల్ల తెల్లబట్ట అవుతోందని భయపడి, అత్తగారికి తెలుస్తుందేమోనని తలుపేసుకుని, రోజుకి రెండుసార్లు మందునీళ్ళతో కడుక్కుంటుందనుకోండి. ఆ పిల్ల తన ఒంటితో తనే యుద్ధం చేస్తోంది. మొదట అక్కడ వున్నది రోగం కాకపోవచ్చు. చివరికి మాత్రం రోగమే అవుతుంది.

ఇక్కడ మనం ఆలోచించుకోవలసిన మాటొకటుంది. మురికంటే ఏమిటి? చెప్పు గుమ్మం బయట వుంటే చెప్పు, పూజగదిలో వుంటే అపచారం. ఉమ్మి నోట్లో వున్నంతసేపూ ఉమ్మే, బయట పడితే ఎంగిలి. మురికితనం వస్తువులో కన్నా అది వున్న చోటులో వుంటుందన్నమాట. మరి శరీరం తన చోట, తన అవసరానికి, తనే తయారుచేసుకున్నది మురికి ఎలా అవుతుంది?

“చీము కూడా శరీరం చేసిందేగా, దాన్ని వదిలేస్తామా?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వదిలెయ్యం. దురద, మంట, రంగు మారడం, చేపలాంటి వాసన, పెరుగు విరిగినట్టు రావడం, ఇవన్నీ జబ్బు లక్షణాలు. కానీ జబ్బుని చూపించుకోవాలి, కడిగి దాచకూడదు. కడిగి వెళితే డాక్టరమ్మకి కూడా అసలు సంగతి అందదు. ఆరోగ్యంగా వున్నప్పుడు పైపైన మామూలు నీళ్ళు చాలు.

“నా ఒళ్ళు, నాకు హాయిగా వుంటుంది, కడుక్కుంటే ఎవరికి నష్టం?” అనేవాళ్ళూ వున్నారు. ఆ హాయిని నేను కాదనను. అయితే ఆ హాయి ఒంటికి తగ్గ హాయా, భయం తగ్గిన హాయా అని ఒక్కసారి తరచి చూడమంటాను. చెమటపట్టిన ముఖం కడుక్కుంటే వచ్చే హాయి మొదటిది. ఎవరో ఏదో అనుకుంటారన్న దిగులు గంటసేపు తీరడం రెండోది. రెండోదానికి ఎన్ని నీళ్ళు పోసినా చాలవు, ఎందుకంటే ఆ మరక ఒంటిమీద లేదు. 2012లో మన టీవీల్లో ఒక ప్రకటన వచ్చింది, గుర్తుందా? ఆ భాగాన్ని తెల్లగా చేసే వాష్ అట! అది వాడాక భర్త మళ్ళీ నవ్వుతాడట. లైసాల్ కథలో భర్తే మరో దేశంలో, మరో కాలంలో పునర్జన్మ ఎత్తాడు. సరుకు మారింది కానీ భయం మారలేదు.

మనం పిల్లలకి పళ్ళు తోముకోవడం నేర్పుతాం, చేతులు కడుక్కోవడం నేర్పుతాం. ఆడపిల్లకి ఇంకొక్క మాట కూడా నేర్పాలి. దాని పేరు దాన్ని పెట్టి పిలవడం, తెల్లబట్ట కొంచెం కావడం సహజమని చెప్పడం, తేడాగా అనిపిస్తే అమ్మతో అనవచ్చునన్న ధైర్యం ఇవ్వడం. గుట్టు మంచిదే, కానీ నొప్పిని గుట్టు చేస్తే అది మర్యాద కాదు. మనం నోరు మూసుకున్నచోట ఎవరో ఒకరు సీసా పట్టుకుని నిలబడతారు. మన సిగ్గుకి ధర కట్టి, మనకే అమ్ముతారు. ఆ బేరం మన అమ్మాయిలైనా చేయకుండా వుంటే చాలు.